రాహేలమ్మ చీర రంగు

పొద్దున్నే షేర్ ఆటోలో తాండూరు పోయి, భార్య పటం తెచ్చుకుని, పదకొండింటికల్లా తిరిగి పెద్దేముల్‌లో ఇల్లు చేరాలన్నది జంగప్ప ఆలోచన. రాహేలమ్మ పోయి మర్నాటికి ఏడాది. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. ఆమె దిగింది ఒక్కటే ఫొటో. అది వానకు తడిసి పాడైపోగా మిగిలిన నలుపు తెలుపు జిరాక్స్ కాగితాన్నే వారం కిందట బోర్డులు రాసే పాండురంగానికి ఇచ్చి వచ్చాడు.

పాండురంగం ఆమె ముఖం అచ్చంగా దింపాడు. మెడ కింద మాత్రం ఖాళీ.

"పెద్దాయినా, చీర రంగేంది?"

జంగప్ప నాపరాయి గనిలో పనిచేసిన మనిషి. ఏది నీలం బండో, ఏది పసుపు బండో ఆమడ దూరం నుంచి చెప్పేస్తాడు. ముప్పై రెండేళ్లు తనకు అన్నం పెట్టిన మనిషి కట్టుకున్న చీర రంగు మాత్రం చెప్పలేకపోయాడు. పాపం, చాలా సిగ్గుపడ్డాడు.

వికారాబాద్‌లో ఉన్న బిడ్డ జ్యోతిరాణికి ఫోన్ చేశాడు.

"చిలకపచ్చ నాయినా. నాకు మంచిగ యాదికుంది."

పాండురంగం పచ్చ పూశాడు. ఎందుకైనా మంచిదని ధారూర్‌లో ఉన్న మరదలు రెబెక్కను కూడా అడగడమే జంగప్ప చేసిన తప్పు.

"పచ్చనా? ఎవలు చెప్పిన్రు బావా? ఎర్ర పెండ్లిచీర గదా అక్కది!"

తడి పచ్చ మీద ఎరుపు పడి చీర బురద రంగుకు తిరిగింది. సంగతి తెలిసి జ్యోతిరాణి చిన్నమ్మకు ఫోన్ చేసి, "మా అమ్మ సంగతి నాకు తెల్వదా?" అని కడిగేసింది. చిన్నమ్మ ప్రార్థనకే రానంది. మధ్యాహ్నానికి ఒకరు రైల్లో, ఒకరు బస్సులో, తీరిగ్గా పోట్లాడుకోవడానికి తాండూరులో దిగారు.

రెబెక్క ఆ జిరాక్స్ కాగితం చేతిలోకి తీసుకుంది. చీర అంచు చూడగానే బావ వైపు తిరిగింది.

"గీ నెమళ్ల అంచు నా చీరది బావా. ఫొటో దిగుతనని అడిగి తీస్కపోయింది. చూడక ఎర్రదన్న. అక్కకు ఒక్కటన్న మంచి చీర లేకుండె."

"మరి రంగు చెప్పమ్మా," అన్నాడు పాండురంగం కుంచె పట్టుకుని.

"గదిప్పుడు ఎందుకన్నా. పటంల గూడ అడిగి తెచ్చుకున్న చీరేనా అక్కకు?" అంది రెబెక్క.

జ్యోతిరాణి చిన్నమ్మను పట్టుకుని ఏడ్చింది. జంగప్ప దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో తాను భార్యకు ఒక్క చీర కూడా చూసి తేలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. చివరికి లేచి, రంగు డబ్బాల దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించాడు.

"నీలం వెయ్యి. అంచు జర పెద్దగ పెట్టు."

సాయంత్రం ఆటోలో పటం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆరని రంగు అంగీకి అంటుకుంది. భార్యకు ఆయన ఎంచిన మొదటి చీర అది. బాగుందో లేదో, ఎప్పటిలాగే, రాహేలమ్మ ఏమీ అనలేదు.