పోతమ్మకు ఒంట్లో బాగోలేదు

ఆ ఆదివారం పొద్దున కామరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఉక్కు ఫ్యాక్టరీలో తనతో పనిచేసే పదిమందినీ, భార్య నాగమణినీ వెంటేసుకుని బీచి రోడ్డులోని సముద్ర జీవుల కేంద్రానికి వెళ్లడం, తొట్లు కడగడం, బడిపిల్లలకు చేపల గురించి నాలుగు మాటలు చెప్పడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. 1998లో విశాఖపట్నంలో సమాజసేవకు అంతకంటే చల్లని చోటు అతనికి తోచలేదు.

వీళ్లు వెళ్లేసరికి తొట్లు చూసుకునే వరహాలు తాబేలు తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తొట్టిలో నీళ్లు లేవు. తాబేలు మీద తడి గోనె కప్పి ఉంది. దాని పేరు పోతమ్మ. పద్నాలుగేళ్ల కిందట భీమిలి దగ్గర వరహాలు వలలోనే చిక్కుకుని ముందు రెక్క ఒకటి పోగొట్టుకుంది. ఆనాడే అతను వేట మానేసి దానితోపాటు ఇక్కడ చేరాడు. ఎప్పటికైనా సముద్రంలో వదులుతానని దానికి మాటిచ్చాడు. ఆ పోతమ్మ తెల్లవారుజామున చచ్చిపోయింది.

చచ్చిపోయిన ప్రాణిని మందునీళ్లు పోసి గాజుపెట్టెలో ప్రదర్శనకు పెట్టాలని అక్కడి నియమం. పోతమ్మ ముసలిదైపోయిందని ఆఫీసరు గురునాథరావు పెట్టె ముందే చేయించి ఉంచాడు. దొంగతనంగా మోసుకుపోదామంటే అది తొంభై కిలోలు. ఏం చేయాలో తోచక వరహాలు నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాడు.

"పోతమ్మకి ఒంట్లో బాగోనేదు బాబూ. పడుకుంది. దాని జోలికెల్లకండి."

ఇంకొకరైతే వెళ్లి తొట్లు కడుక్కునేవారు. వీళ్లు ఫ్యాక్టరీలో మరమ్మతులు చూసే మనుషులు. ఏదైనా మూలపడిందని వింటే చేతులు కట్టుకుని నిలబడలేరు.

"జబ్బుదాన్ని అలా వదిలేస్తామేంటండీ!" అని కామరాజు గంటకు ఇద్దరి చొప్పున డ్యూటీ వేశాడు. గోనె కిందకి థర్మామీటరు దూర్చి, అరగంటకోసారి నోటుబుక్కులో రాయించాడు. తొమ్మిదికి ఇరవై ఆరు. తొమ్మిదిన్నరకు ఇరవై ఆరు. పదికీ అంతే.

"చూశారా! రీడింగు ఊగితే మిషను పాడైనట్టు. కదల్లేదంటే భేషుగ్గా ఉన్నట్టేనండి. మీరేం బెంగెట్టుకోకండి," అన్నాడు కామరాజు వరహాలుతో.

"ఊపిరి తీస్తున్నట్టు లేదేంటండీ?" అంది నాగమణి.

"తాబేలు శానాసేపు ఊపిరి బిగబడతాదమ్మా," అన్నాడు వరహాలు. ఆ మాటలో అబద్ధం లేదు. అతనికి ఏడుపొచ్చింది.

ఈలోగా అరవైమంది బడిపిల్లలు దిగారు. పోతమ్మకు జబ్బని నాగమణి చెప్పగానే, తగ్గేదాకా కదలమని నేలమీద కూర్చుండిపోయారు. ఆవిడ గోనెకు పసుపు బొట్టు పెట్టింది. పిల్లలు ప్రార్థన ఎత్తుకున్నారు. కామరాజు ఆఫీసు ఫోనులో పశువుల డాక్టరును పిలిచాడు. డాక్టరు స్కూటరూ, గురునాథరావు స్కూటరూ ఒకేసారి గేటు దగ్గర ఆగాయి.

డాక్టరు గోనె అంచు ఎత్తి చూసి మళ్లీ కప్పేశాడు. పెద్దవాళ్లను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇది తెల్లారకుండానే పోయిందండీ."

కామరాజు చేతిలోని నోటుబుక్కు దాచుకోవడానికి చోటు వెతుక్కున్నాడు. "మాతో ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

"నా వల్లోనే దాని రెక్క తెగిపోనాది బాబూ. సముద్రంలో ఒగ్గేత్తానని మాటిచ్చినాను. సచ్చిపోనాదంటే పెట్టెలో ఎట్టేత్తారు. ఇంక నానెప్పుడు ఒగ్గుతాను?" వరహాలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గురునాథరావు, "బాధ ఉంటుంది, కాదనను. కానీ రూలు రూలే," అంటూ వెనక్కి తిరిగాడు. వెనకాల అరవై మొహాలు ఉన్నాయి.

"సార్, పోతమ్మకి తగ్గిపోనాదా?" అని అడిగింది ముందు వరసలోని పాప.

ఇలాంటప్పుడు పిల్లలకు ఏం చెప్పాలో రూల్సులో లేదు.

"తగ్గింది," అన్నాడు గురునాథరావు.

"తగ్గిపోతే ఇంటికి పంపరా సార్?"

గురునాథరావు ఒకసారి వరహాలు వైపు చూశాడు. "పంపుతాం," అన్నాడు గురునాథరావు.

పదిమందీ ఫ్యాక్టరీలో మోటారు దించినట్టు ఒడుపుగా పోతమ్మను ఎత్తి, గోనె తొలగకుండా ఒడ్డున ఉన్న పడవలోకి చేర్చి, వరహాలుతోపాటు సముద్రంలోకి తోశారు. పిల్లలు కేరింతలు కొడుతూ చేతులూపారు. వెళ్లిపోతోందని వరహాలు ఏడుస్తున్నాడనుకున్నారు. వాళ్లు పొరబడలేదు. లోతు వచ్చాక అతను గోనె తీసి, రెండు చేతులా దాన్ని నీళ్లలోకి జార్చాడు. అది మునిగిపోయాక కూడా చాలాసేపు చేతులు నీళ్లలోనే ఉంచుకున్నాడు.

ఆరోగ్యం పూర్తిగా కుదుటపడినందున తాబేలును సముద్రంలోకి విడుదల చేయడమైనదని గురునాథరావు రిజిస్టరులో రాయగా, కింద పశువుల డాక్టరు తలెత్తకుండా సంతకం పెట్టాడు.