ఆదెమ్మ చేనుకి ఎన్ని అంకెలు?

భూమి ఎత్తును భూమి నిర్ణయించదు, యంత్రం నిర్ణయిస్తుంది. ఈ సత్యాన్ని 1967లో మా గురజాల కాలువ ఆఫీసు కనిపెట్టింది. (భూమికి ఇంకా తెలియపరచలేదు.)

నిబంధన ఒక్కటే. పొలం కాలువ మట్టం కంటే ఏమాత్రం పల్లంగా ఉన్నా నీళ్లిస్తారు. సమానంగా ఉంటే ఇవ్వరు. లెక్క కట్టే ప్రోగ్రాం ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటరు భాషలో నేనే రాసి, చిల్లులు పొడిచిన కార్డులు మద్రాసులో ఉన్న కంప్యూటరుకి పంపాను. ఆదెమ్మ మిరపతోట వెంట్రుకవాసి పల్లం అని జవాబొచ్చింది. తనిఖీ కోసం అవే కార్డులు కలకత్తా పంపితే సమానం అని వచ్చింది. మద్రాసు యంత్రం ఒక్కో సంఖ్యకి పది అంకెలు దాచుకుంటుంది. కలకత్తాది ఆరు ఉంచుకుని మిగతావి పారేస్తుంది. ఆదెమ్మ పల్లమంతా ఆ పారేసిన అంకెల్లోనే ఉంది.

"ఏంది అబ్బాయ్," అంది ఆదెమ్మ, "నా చేను మద్రాసులో పల్లం, కలకత్తాలో మెరకా? దాన్ని నేనెప్పుడు రైలెక్కించా?"

మాకు ఎన్ని అంకెలు కావాలో ప్రోగ్రాం మొదట్లోనే రాసి, అన్ని దాచలేని యంత్రం ఆ పని ఒప్పుకోకుండా చేద్దామని సూపరింటెండెంటు నాగభూషణరావు గారికి విన్నవించాను.

"ఏమయ్యా, యంత్రానికి షరతులు పెట్టేది నువ్వా? బియ్యస్సీ చదివితే చానా తెలిసినట్టేనా?" అని ఆయన సర్క్యులర్ తీశారు. ఇకపై ప్రతి రైతూ తన పొలం ఏ యంత్రం కిందికి వస్తుందో ధ్రువపత్రం తేవాలి. వారం తిరక్కుండా ఊరూరా మద్రాసు కిందికి మార్చమని అర్జీలు. కలకత్తా కింద పడ్డ ఇళ్లకి పెళ్లి సంబంధాలు రావడం లేదని కూడా వినికిడి.

కలకత్తా కింద పడ్డ ఆదెమ్మ పార తీసుకుని ఆఫీసుకే వచ్చింది. "జానెడు తవ్వేస్తా. అప్పుడు ఏ మిషను కాదంటదో చూస్తా."

"రికార్డైన ఎత్తును తవ్వడం నేరమమ్మా," అన్నారు నాగభూషణరావు గారు (చాలా మర్యాదగా).

కాలువ వదిలారు. ఫోర్‌ట్రాన్ రాని నీళ్లు నేరుగా ఆదెమ్మ చేలోకి పోయాయి. సూపరింటెండెంటు గారు స్వయంగా వెళ్లి, చెప్పులు తడుస్తుండగా, ఇక్కడ నీళ్లు లేవని పంచనామా రాయించారు. రాసినదానికి తగ్గట్టు చేలోకి నీళ్లొచ్చే మడవ మూయించారు.

"తోట పూత మీదుందయ్యా! తడి లేకపోతే పోద్ది!" అంది ఆదెమ్మ.

ఆ మాట పంచనామాలో నమోదు కాలేదు.

పంట దిగుబడి లెక్క కూడా రెండు యంత్రాలకీ పంపాను. ఈసారి ఒక్క అంకె తేడా రాలేదు: రెండు చోట్లా సున్నా. ప్రోగ్రాం కుదిరినందుకు నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు.