గిజిగాడి గూటికి ముప్పై అడుగుల రోడ్డు

ఒక పెద్ద అడవి ఉండేది. అందులో ఎవరు గూడు అల్లినా, బొరియ తవ్వినా ముందుగా స్థల వినియోగ సంఘం అనుమతి తీసుకోవాలి.

సంఘానికి అధ్యక్షుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. సమావేశం మొదలవగానే నిద్రపోయేవాడు. తీర్మానం చదవడం అయ్యాక గుమాస్తా ముళ్లపంది కాస్త దగ్గరికి జరిగేవాడు. ముల్లు గుచ్చుకోగానే గుబురయ్య ఉలిక్కిపడి చెయ్యెత్తేవాడు. తీర్మానం పాసైపోయేది.

అసలు పెత్తనమంతా వరహాలు అనే అడవిపందిది. ఏటిగట్టు మీద బురద స్నానాల కేంద్రం పెట్టాలని వాడి ఆశ. కానీ గట్టు మీది తుమ్మచెట్టుకి గిజిగాడు పోలయ్య గూడు వేలాడుతోంది. కాపురమున్న చోట వ్యాపారానికి అనుమతి లేదు.

పోలయ్య ఆ గూడు ఊరికే కట్టలేదు. అంతకుముందు నాలుగు అల్లితే, భార్య బంగారమ్మ నాలుగింటికీ వంకలు పెట్టింది. ఒకదాంట్లో గాలి రాదంది. ఇంకోదాంట్లో గాలి తప్ప ఏమీ లేదంది. చివరికి అయిదోదానికి ఒప్పుకుని, అందులో మూడు గుడ్లు పెట్టింది.

అప్పుడు వరహాలు ఒక కొత్త రూలు తెచ్చాడు. "ప్రతి నివాసానికీ ముప్పై అడుగుల రోడ్డు ఉండాలి. లేకపోతే కూల్చెయ్యాలి. రోడ్డు కోసం అర్జీ పెట్టుకుంటే సంఘమే వేయించాలి."

ఆఖరి వాక్యం తన స్నానాల కేంద్రం కోసం రాసుకున్నాడు. ముల్లు గుచ్చుకుంది. రూలు పాసైంది.

అడవిలో సగం ఇళ్లకి రోడ్డు లేదు. నోటీసు మాత్రం ఒక్క పోలయ్యకే వచ్చింది. పాపం, పరుగున, అంటే ఎగురుకుంటూ, సంఘానికి వచ్చాడు.

"అయ్యా, మాకు రోడ్డెందుకండీ? మేం రెక్కల మీద తిరిగేవాళ్లం."

"రేపు గూటికి నిప్పంటుకుంటే? నీళ్లు పట్టుకుని ఏనుగు ఎలా రావాలి?" అన్నాడు వరహాలు.

"కిందంతా ఏరేనండీ!"

"ఏరుంటే రోడ్డక్కర్లేదని రూల్లో ఎక్కడుంది? వారం రోజుల్లో రోడ్డు చూపించు. లేదా గూడు దింపు."

పోలయ్య ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. "గుడ్లు పొదగడానికే ఇంకా పది రోజులు పడుతుందే! వారంలో ఎక్కడికి పోతాం?" అని ఏడ్చాడు.

బంగారమ్మ గుడ్ల మీంచి లేవకుండానే, "ఏడుపు తర్వాత. ఆ రూలు మొత్తం ఒకసారి చదవండి" అంది.

పోలయ్య నోటీసు చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే రోడ్డు కావాలని అర్జీ పెట్టారు. వరహాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "పిట్టకి రోడ్డట! ఎవడు వేస్తాడులే, రాసుకోండి!" అని సంతకం చేసేసి, బురదలో దొర్లడానికి పోయాడు.

కానీ సంతకమైన కాగితం ఆగదు. కొలతలు వేసే కొండముచ్చు పెద్దబాట నుంచి తుమ్మచెట్టు దాకా తిన్నగా ఒక గీత గీశాడు. "వంకరగా గీస్తే ఎవరి దగ్గర తిన్నావంటారు. అందుకే ఎవరిల్లూ చూడలేదు" అన్నాడు. ఏనుగు ఆ గీత పట్టుకుని నడిచింది. దారిలో తుప్పలు పోయాయి, పుట్టలు పోయాయి. పెద్దబాట పక్కనే మూడు గదులతో, ఆకుల పరుపులతో ఉన్న వరహాలు ఇల్లు కూడా పోయింది.

వరహాలు బురద కారుతూనే పరిగెత్తుకొచ్చాడు. "అధ్యక్షా! నా కొంప రోడ్డయిపోయింది!"

గుబురయ్య ఒక కన్ను తెరిచి, "శుభం. మీ ఇంటికి రోడ్డొచ్చిందన్నమాట" అన్నాడు.

"ఇల్లే లేదండీ!"

"అది రూల్లో లేదు" అని మళ్లీ పడుకున్నాడు.

ఈ గొడవలో గుడ్లు పిల్లలయ్యాయి. వచ్చే పోయే జంతువులన్నీ కొత్త రోడ్డు మీద నిలబడి పిల్లలకి దిష్టి తీసి వెళ్లాయి. రెక్కలొచ్చాక పోలయ్య కుటుంబం ఏటి అవతల, సంఘం హద్దు దాటి, ఒక ఈతచెట్టుకి మారిపోయింది.

వరహాలుకి మాత్రం ఇల్లు దొరకలేదు. ఎక్కడ గొయ్యి తవ్వబోయినా, "రోడ్డేదీ?" అని ముళ్లపంది అడిగేవాడు. రోడ్డుకి అర్జీ పెడితే, "ముందు ఇల్లేదీ?" అనేవాడు. చివరికి మొత్తం అడవిలో పక్కాగా రోడ్డున్న ఖాళీ ఇల్లు ఒక్కటే తేలింది. పోలయ్య గూడు.

"నాలుగు బస్తాల బరువున్న నేను ఆ పిట్టగూట్లో ఎలా ఉంటాను?" అని వరహాలు మొత్తుకున్నాడు.

"ఆకారం గురించి రూల్లో లేదండి" అన్నాడు ముళ్లపంది, వినయంగా దగ్గరికి జరుగుతూ. గుబురయ్య చెయ్యెత్తాడు. కేటాయింపు పాసైంది.

ఏనుగు వరహాలుని తొండంతో ఎత్తి గూటి దగ్గర పట్టుకుంది. మూతి లోపలికి వెళ్లింది. తక్కినది వెళ్లలేదు. ఏనుగు పట్టు వదిలింది. కొమ్మ విరిగింది. గూడూ, వరహాలూ కలిసి ఏట్లో పడ్డారు.

నీళ్లలోంచి మూతికి గూడు తొడుక్కుని లేచిన వరహాలు "ఊఁ! ఊఁ!" అన్నాడు.

ముళ్లపంది ఫైలు తెరిచి రాసుకున్నాడు: "లబ్ధిదారుడు సంతోషంగా గృహప్రవేశం చేశారు."

ఇందులో నేర్చుకోవలసింది ఇంతే: ఇల్లు కట్టేముందు రూలు తెలుసుకోకపోయినా ఫరవాలేదు, రూలు రాసేముందు మాత్రం తన ఇల్లెక్కడుందో తెలుసుకోవాలి.