ఆయిలు తాగే కారు, కాఫీ తాగే ఇరుగుపొరుగు

ఆదివారం పొద్దున్నే కారులో చంద్రగిరి కోటకు పోవాలి, రాజమహలు నీడలో పులిహోర తినాలి, ఎండ ముదరకముందే తిరుపతికి తిరిగి రావాలి. ఇదీ సారంగపాణి అయ్యవారి పథకం. ఇందులో కోట ముఖ్యం కాదు, పులిహోర అంతకన్నా కాదు. కారులో పక్కసీట్లో ఒక మనిషి కూర్చోవాలి. భార్య గోదాదేవి పోయింది, బడి ఉద్యోగమూ అయిపోయింది, తన దగ్గు తనకే వినబడే ఇంట్లో పగళ్లు గడిపి గడిపి ఆయనకు ప్రాణం విసిగింది. చిత్తూరులో వకీలైన బావమరిది మద్రాసుకు మకాం మారుస్తూ తన పాత కారును, దాన్ని నడిపే విద్యను ఆయనకు అంటగట్టిపోయినప్పుడు, అయ్యవారి కంట మొదట పడింది ఆ ఖాళీ సీటే. యుద్ధం ముగిసినా పెట్రోలు కూపన్లు ముగియలేదు గనక వారానికి ఒక్కటే షికారు. ఈ వారం పక్కింటి రంగరాజు వస్తానన్నాడు.

బావమరిది పోతూ పోతూ ఒక మాట మరీ మరీ చెప్పాడు. రోజూ పొద్దున ఇంజను ముందువైపున్న కడ్డీ బయటికి లాగి చూడాలి, ఆయిలు గీత దాకా లేకపోతే పోయాలి. అయ్యవారు లాగి చూశాడు. గీతకు ఎంతో కిందుంది. నిన్నా పోశాడు, మొన్నా పోశాడు, మళ్ళీ అదే తంతు. ఈ మాయదారి బండి కడుపా, చెరువా అనుకుంటూ ఇంకో డబ్బా వంచాడు.

రంగరాజు చలువ పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. అయ్యవారు బండి కదిలించాడో లేదో, వెనకనుంచి నీలిపొగ లేచి వీధినంతా కమ్మి, తీరిగ్గా కారులోకీ వచ్చింది. ఎదురింటి మునిరత్నమ్మ మంచం మీద ఎండబెట్టిన వడియాలు నల్లబడ్డాయి. రంగరాజు పంచె దులుపుకుంటూ దిగాడు.

"ఏమనుకోవద్దు అయ్యవారూ, నాకు ఆఫీసులో పని ఉండాది," అన్నాడు. ఆదివారం పూట ఆఫీసులో పనేమిటని అయ్యవారు అడగలేదు. పులిహోర గిన్నె లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు బస్సు షెడ్డు నుంచి మెకానిక్కు దొరస్వామిని పిలిపించాడు. దొరస్వామి పొగను వాసన చూసి, ఇంజనులో రింగులు అరిగి ఆయిలు పైకెక్కి కాలిపోతోందని తేల్చాడు. ఇంజను విప్పి అరుగంతా పరిచాడు. మద్రాసు నుంచి కొత్త రింగులు రావాలి. వడియాల సంగతి తేల్చుకుందామని వచ్చిన మునిరత్నమ్మ ఆ ఇనుప సంతను చూసి తగాదా మరిచి కూర్చుండిపోయింది. దిష్టి తగిలిందని ఆమె నిమ్మకాయలు కట్టింది. రంగరాజు రింగులూ కాదు, దిష్టీ కాదు, దొంగతనం అన్నాడు. మునిరత్నమ్మ పాలేరు ఎల్లప్ప ఎద్దులబండి ఈమధ్య కిర్రుమనడం లేదే, ఆ ఇరుసుకు అంత నునుపు ఎక్కడిదని అడిగాడు. ఆ మాట చెవిన పడ్డ ఎల్లప్ప ఇరుసుకు తాను పూసే ఆముదం గొట్టం పట్టుకొచ్చి అందరి ముక్కుల దగ్గరా పెట్టాడు. పంచాయితీ రోజూ అరుగు మీదే. అయ్యవారు కాఫీ కాచి కాచి, ఉప్మా కూడా మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అంత గోల విని ఎన్నాళ్లయిందో. ఆయనకు లోలోపల హాయిగా ఉండేది, ఆ హాయికి సిగ్గూ వేసేది.

కొత్త రింగులు వేశారు. మర్నాడు కడ్డీ లాగితే ఆయిలు మళ్ళీ గీత కిందే. దొరస్వామి తల గోక్కున్నాడు. అందరూ మళ్ళీ వచ్చారు.

ఇంతలో ఉత్సవం ఊరేగింపు ఆ వీధిన వస్తుందని కబురొచ్చింది. కారును తోసుకుపోయి బడి ముందున్న చదును నేలమీద పెట్టారు. అందరూ వెళ్లిపోయాక అయ్యవారు అలవాటు కొద్దీ కడ్డీ లాగి, నమ్మలేక తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. ఆయిలు గీత దాటి వేలెడు పైకుంది.

గోదాదేవి ఏనాడూ తిరుమల కొండకు వెన్ను చూపి కూర్చున్న మనిషి కాదు. ఆమె మీది గౌరవంతో ఆయన కారునూ రోజూ కొండవైపు ముఖం పెట్టి నిలిపేవాడు. వీధేమో కొండవైపుకు ఎత్తు. కారు ముక్కు పైకి లేస్తే ఆయిలంతా వెనక్కి జారేది, ముందున్న కడ్డీకి అందేది కాదు. నిండు కడుపుకు ఆయన రోజూ ఇంకా ఇంకా పోశాడు. ఎక్కువైందంతా కాలి పొగైంది.

దాచుకోకుండా దొరస్వామికి చెప్పేశాడు. దొరస్వామి ఎక్కువ ఆయిలు దింపేశాడు. పొగ ఆగిపోయింది. జబ్బు కుదిరిందన్న మాట వీధంతా పాకింది, ఎలా కుదిరిందో అడిగినవాడు లేడు. ఆదివారం వచ్చింది.

"బండి బాగుపడింది గదా అయ్యవారూ, నిశ్చింతగా పోయి రాండి," అన్నాడు రంగరాజు గోడ అవతలినుంచి.

అయ్యవారు ఒక్కడే చంద్రగిరి పోయి, ఒక్కడే తిని, కారును మళ్ళీ బడి ముందు చదునులోనే నిలిపి, సగం పులిహోర ఇంటికి తెచ్చాడు. సోమవారం అందరికీ కాఫీ కాచాడు. ఎవరూ రాలేదు. రావడానికి పనేముంది? లోటాల్లో కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఎన్నాళ్లుగానో ఆపుకున్న ఏడుపు ఆయనకు ఆ మీగడను చూస్తే వచ్చింది.

ముఖం కడుక్కుని బడి దగ్గరికి నడిచాడు. కారు తెచ్చి, కొండవైపు ముఖం పెట్టి నిలిపి, కడ్డీ లాగి, గోడ దగ్గరికి వెళ్లాడు.

"రంగరాజూ, మళ్ళీ ఆయిలు తగ్గిపోయిండాది," అన్నాడు.

రంగరాజు వచ్చాడు. మునిరత్నమ్మ నిమ్మకాయలతో, ఎల్లప్ప ఆముదం గొట్టంతో వచ్చారు. కబురందుకుని దొరస్వామీ వచ్చాడు. అతను కడ్డీని చూశాడు, వీధి ఎత్తును చూశాడు, అరుగు మీద పొగలు కక్కుతున్న లోటాలను చూశాడు, చివరికి అయ్యవారి ఎర్రబడ్డ కళ్లను చూశాడు.

"రింగులే సామీ," అన్నాడు అరుగు మీద చతికిలబడుతూ. "ఇది ఒక్క దినంలో తేలే యవ్వారం కాదు. ముందు కాఫీ ఇట్టియ్యండి."

ఆ రోజు ఎండ నడినెత్తికి వచ్చేదాకా జబ్బు మీద చర్చ జరిగింది కానీ, ఇంజనులో మాత్రం ఎవరూ చుక్క ఆయిలు పోయలేదు.