అక్వేరియంలో చొరబాటుదారులు

“మా అక్వేరియంలోకి చొరబడిన ప్రాణి ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చేదాకా నేను నిద్రపోను!” అని మంచినీళ్ళ శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు పత్రికలవారి ముందు ప్రతిజ్ఞ చేశారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీసినప్పుడు కూడా కుర్చీలోనే తీశారు గాని మంచమెక్కలేదు.

అక్వేరియం ఆయన ఆఫీసులో, సందర్శకుల హాల్లో ఉంది. ఆరడుగుల గాజుతొట్టి, నిండా పచ్చటి మొక్కలు, మధ్యన ఇరవై నాలుగు చేపలు. అర్జీలు పట్టుకుని జనం గంటలకొద్దీ కూర్చోవలసి వస్తుంది గనుక వాళ్ళ కళ్ళయినా చల్లబడాలని మంత్రిగారే దగ్గరుండి పెట్టించారు. అర్జీల సంగతి ఎలా ఉన్నా కళ్ళు మాత్రం చల్లబడేవి.

ఆ హాల్లో పదకొండోసారి కూర్చున్న టీచరమ్మకు ఆ చల్లదనం వంటపట్టలేదు. ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. ఒళ్ళోని సంచిలో గాజుసీసా ఉంది. సీసాలో ఆ ఉదయం వాళ్ళింటి కుళాయిలో పట్టిన నీళ్ళు, ఆ నీళ్ళలో మూడు ఎర్రపురుగులు. ఆరేళ్ళ కూతురు ఈ నెలలో మూడోసారి వాంతులు, విరేచనాలతో మంచం పట్టింది. వీధిలో ఇంకో తొమ్మిదిమంది పిల్లలదీ అదే అవస్థ. మురుగుకాలువ పక్కన పైపు పగిలింది, మార్పించండి మహాప్రభో అన్నది ఆమె అర్జీ.

తొట్టి చుట్టూ ముగ్గురు ఇంజనీర్లు టార్చిలైట్లు పట్టుకుని వంగి చూస్తున్నారు. మంత్రిగారి పి.ఏ. చేతులు నలుపుకుంటున్నాడు.

“ఏమిటండీ ఇవి?”

“పురుగులండీ” అన్నాడు పెద్ద ఇంజనీరు.

“పేరేమిటి?”

ఆయన ఇంకోసారి టార్చి వేసి చూశాడు. “సాంకేతికంగా... చిన్న పురుగులండీ.”

“రిపోర్టులో ఆ ముక్క రాస్తే మనిద్దర్నీ ఈ తొట్టిలోనే వేస్తారు!”

“ఇది ప్రతిపక్షం పనే” అన్నాడు చేపల మేత డబ్బా పట్టుకుని నిలబడ్డ పార్టీ కార్యకర్త. “లైటు వేసి ఉన్నంతసేపూ మొక్కల్లో నక్కుతాయి. ఆర్పగానే అద్దమెక్కుతాయి. మంచి ఉద్దేశంతో వచ్చినవాడికి దాక్కోవాల్సిన ఖర్మేంటండీ?”

టీచరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. పిల్లలు తప్పు చదువుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఆమెకు చేతకాదు. సంచిలోంచి భూతద్దం తీసి తొట్టి దగ్గరికి నడిచింది.

“ఆ దారప్పోగులా వేలాడుతూ చేతులు చాపుతోందే, అది హైడ్రా. మూడుమూలల తల, రెండు కళ్ళు ఉన్నది ప్లనేరియా. గెంతుతున్న తెల్లచుక్కలు సైక్లాప్స్. నువ్వుగింజల్లా పరుగెడుతున్నవి రెండు చిప్పల మధ్య ఉండే బుల్లి ప్రాణులు, రొయ్యల చుట్టాలు. పాఠ్యపుస్తకంలో వీటిలో చాలావాటికి బొమ్మలున్నాయి.”

పెద్ద ఇంజనీరు అంతా రాసుకున్నాడు. “ఆ పుస్తకం బయట దొరుకుతుందా మేడమ్?” అని రహస్యంగా అడిగాడు.

“ఇంతకీ ఎలా వచ్చాయమ్మా?” అన్నాడు పి.ఏ.

“మొక్కలతోనే. ఆకుల కింద గుడ్లుంటాయి, వేళ్ళు పట్టుకుని వచ్చేస్తాయి. కొత్త మొక్కల్ని కడిగి, కొన్నాళ్ళు విడిగా ఉంచి అప్పుడు వేసుకోవాలి.”

హాలంతా చప్పున చల్లారిపోయింది. పి.ఏ. ఆమె చెవి దగ్గరికి వంగాడు. “మొక్కలు మంత్రిగారి బావమరిది నర్సరీవి. వాటి మీద ఏ ప్రాణీ ప్రయాణం చెయ్యదమ్మా.”

“మరి ఎలా వచ్చినట్టు?”

“స్వయంభువులు.”

పెద్ద ఇంజనీరు అదీ రాసుకున్నాడు.

అంతలో మంత్రిగారే వచ్చారు. టీచరమ్మను చూసి, భూతద్దాన్ని చూసి, డాక్టరు ముందు నిలబడ్డ కన్నతండ్రిలా అడిగారు. “నా చేపలకేమన్నా అవుతుందా అమ్మా?”

“ఈ సైజు చేపలకేమీ కాదండీ. మీ మెప్పు కోసం వచ్చినవాళ్ళంతా గుప్పెళ్ళతో మేత పోస్తున్నారు. మిగిలింది తిని ఇవి పెరుగుతున్నాయి. మేత తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి. ఇవి ఉన్నాయంటే నీళ్ళలో ప్రాణం ఉన్నట్టే.”

కార్యకర్త మేత డబ్బాను వీపు వెనక్కి జరుపుకున్నాడు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. “నీళ్ళలో ప్రాణం! ఎంత మాటన్నావు తల్లీ. పి.ఏ., రాసుకో.”

ఇంతకన్నా మంచి అదను దొరకదని టీచరమ్మ సీసా తీసింది. “ఇవి మాత్రం వేరండీ. మురుగులో పెరిగేవి. మా కుళాయిల్లో వస్తున్నాయి. పైపు మార్చకపోతే పిల్లలు దక్కరు.”

మంత్రిగారు సీసాను వెలుతురుకెత్తి తిప్పి తిప్పి చూశారు. “అంటే నా దగ్గరున్నట్టే ప్రజల దగ్గరా ఉన్నాయన్నమాట! పాలకుడికీ జనానికీ తేడా లేకపోవడమంటే ఇదే.”

“తేడా ఉందండీ, అవి మొక్కల—”

పి.ఏ. గట్టిగా దగ్గాడు.

“నీలాంటి విద్వాంసురాలు బయట బెంచీ మీద కూర్చోవడమేమిటమ్మా? ఈ క్షణం నుంచి నువ్వు మా శాఖకు నిపుణురాలివి. నీ ఫైలు ఇక నా ఫైలు!”

టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. పి.ఏ. అడగ్గానే చేపల గురించి చెప్పిందంతా తెల్లకాగితం మీద పొందిగ్గా రాసి, సంతకం పెట్టి, ఆ సాయంత్రం కూతురి తల నిమురుతూ “పైపు మార్చేస్తారమ్మా” అని చెప్పింది. వీధి వీధంతా ఆమె గుమ్మంలోకి వచ్చి మెచ్చుకుని వెళ్ళింది.

మర్నాడు పత్రికల్లో “మా నీళ్ళలో ప్రాణముంది: మంత్రి” అని పడింది. ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. మంత్రిగారు పనిలోకి దిగితే అంతే. అక్వేరియానికి కాపలా మనిషిని పెట్టారు. మేత వెయ్యరాదని బోర్డు పెట్టారు. పాత నీళ్ళ మీద నమ్మకం ఉన్నా ముందుజాగ్రత్తగా రోజూ ఒక బండెడు వడగట్టిన నీళ్ళు తెప్పించసాగారు. ఆ బండి టీచరమ్మ వీధిలోంచే వెళ్ళేది.

“అక్కా, ఆ నీళ్ళబండి మనకేనా?” అని పక్కింటావిడ బిందెతో పరుగెత్తుకొచ్చింది.

“చేపలకమ్మా” అంది టీచరమ్మ.

ఐదో రోజున ఆఫీసు నుంచి అటెండరు ఫైలు పట్టుకుని వచ్చాడు. “రెండు సంతకాలు కావాలమ్మా. ఇక్కడ నిపుణురాలిగా, ఇక్కడ అర్జీదారుగా.”

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి చదివింది. “అర్జీలో పేర్కొన్న జలప్రాణుల విషయమై నిపుణురాలి అభిప్రాయం తీసుకోగా, మంత్రివర్యుల ఇరవై నాలుగు చేపలలో ఏ ఒక్కదానికీ వాంతులు గాని విరేచనాలు గాని లేవని తేలినది. కావున సదరు వీధి నీటిని సజీవ జలముగా గుర్తించడమైనది. పైపు మార్చినచో ఆ ప్రాణులు నిరాశ్రయములు కాగలవు. అర్జీదారు పూర్తి సంతృప్తి తెలిపినందున ఫైలు మూసివేయడమైనది.” కింద, ఆమె రాసిచ్చిన కాగితం జతచేసి ఉంది.

“నేను చేపల గురించి రాశాను” అంది. లోపల మంచం మీద పిల్ల మూలుగుతోంది.

“నాకేం తెలుస్తుందమ్మా, సంతకాలు తెచ్చేవాణ్ణి. ఎండకు నాలుక పిడచగట్టుకుపోయింది, కాసిని మంచినీళ్ళిప్పించండి.”

టీచరమ్మ లోపలికి వెళ్ళి, కుళాయి తిప్పి, గాజుగ్లాసు నిండా పట్టి తెచ్చి ఇచ్చింది. అటెండరు ఆత్రంగా నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. గ్లాసు అడుగున ఎర్రగా ఏదో ముడుచుకుని మళ్ళీ సాగింది.

“తాగండి” అంది టీచరమ్మ. “మీరు ఆ గ్లాసు ఖాళీ చెయ్యండి, నేను రెండు చోట్లా సంతకం పెడతాను.”

అటెండరు కాగితం వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. గ్లాసును మెల్లగా అరుగు మీద పెట్టి, ఫైలు చంకలో ఇరికించుకున్నాడు.

“దాహం తీరిపోయిందమ్మా” అని గబగబా మెట్లు దిగాడు.