మామగారి బండ మీద నా పాతిక రెట్ల స్కోప్

తుపాకీ మీద బిగించే దుర్భిణీల్లో, అదే స్కోపుల్లో, ఇన్ని రకాలుండటం మానవజాతికి దక్కిన వరం! కాదనేవాళ్ళుంటే రండి, తేల్చుకుందాం.

దూరం గురి నేర్చుకుందామని మా లోయలోని షూటింగ్ క్లబ్బులో చేరిన కొత్తల్లో నేనూ అమాయకంగా ఏదో ఒక స్కోప్ చాలనుకున్నాను. ఇంటర్నెట్ నా కళ్ళు తెరిపించింది. గొట్టం లావెంత ఉండాలి? కిలోమీటరు అవతలి గాలికి దాని మీది చక్రం ఎన్ని క్లిక్కులు తిప్పాలి? ఒక పెద్దమనిషి ఔనన్నదాన్ని ఇంకో పెద్దమనిషి కాదన్నాడు. ఇద్దరూ కలిసి నన్ను వెధవన్నారు. ఎంత జ్ఞానం! అదీ ఉచితంగా!

వేసవంతా చదువుతూనే ఉన్నాను. మరి పేల్చిందెప్పుడంటారా? ఇంత చదువుంటే పేల్చడానికి తీరికేదండీ! చివరికి పాతిక రెట్లు పెద్దదిగా చూపించేది కొన్నాను. మా ఆవిడ గున్వర్‌ది వాళ్ళ తాతగారి స్కోప్. నాలుగు రెట్లే. తిప్పడానికి ఒక్క చక్రమైనా లేదు. పాపం, తనకెలా పొద్దుపోతుందో!

శరదృతువులో ఎల్క్ వేట మొదలైంది. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి; కుక్క దాన్ని తరుముకొస్తుంది, జట్టులో తలా ఒక చోట మాటు వేస్తాం. మా మామగారు ఓడ్మున్‌కి చూపు మందగించింది. ఆయన ఇన్నేళ్ళూ మాటు వేసి కూర్చున్న బండ, బురదనేల అంచున ఉన్నది, జట్టులో అందరూ ఆశపడే చోటు.

"ఈ ఏడు నువ్వు కూర్చో అల్లుడూ. సరిగ్గా చేశావా, ఇక ఆ బండ నీదే," అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకుని ఎరగరు. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి స్కోప్ అద్దాన్ని మూడుసార్లు తుడిచాను.

మా జట్టుకి వేటాడటానికి అనుమతి ఇచ్చిన వాటాలో ఆ రోజుకి మిగిలింది ఒక్క పిల్ల ఎల్క్. పొరపాటున పోతునో పెంటినో కొడితే జట్టంతటికీ తలవంపులు. అందుకే వచ్చింది ఏదో ముందు చేతి రేడియోలో జట్టంతటికీ చెప్పాలి, తర్వాతే పేల్చాలి.

నేను స్కోప్‌ని పాతిక రెట్లకి తిప్పి బురదనేల అవతలి గట్టు చూశాను. ఆహా! పైన్ చెట్టు మీద కాయలు విడివిడిగా కనిపించాయి! ఇది వరం కాక మరేమిటి?

అంతలో వెనక కుక్క మొరిగింది. నాకు కూతవేటు దూరంలోనే ఎల్క్ పొదల్లోంచి బయటికొచ్చి నిలబడింది. తుపాకీ ఎత్తి స్కోప్‌కి కన్ను ఆనించాను.

"అల్లుడూ, కుక్క నీవైపే మొరుగుతోంది. ఏమన్నా వచ్చిందా?" రేడియోలో మామగారు.

"వచ్చింది మామయ్యా."

"పోతా, పెంటియా, పిల్లా?"

"గోధుమరంగు మామయ్యా."

"రంగెవడడిగాడయ్యా! కొమ్ములున్నాయా?"

"బొచ్చుంది. చాలా ఒత్తుగా ఉంది."

"అంత బాగా కనిపిస్తే పేలు కూడా చూసి చెప్పు!"

జట్టంతా రేడియోలో పగలబడి నవ్వింది. నేను కంగారుగా చక్రం తిప్పాను. అది గాలికి తిప్పే చక్రం! ఇంకోటి తిప్పాను. బొచ్చు మరింత స్పష్టంగా కనిపించింది. తర్వాత ఆ బొచ్చు కూడా వెళ్ళిపోయింది.

కాసేపటికి అవతలి నుంచి ఒక్క తూటా చప్పుడు.

"పిల్లే నాన్నా. పడింది," అంది రేడియోలో గున్వర్.

మధ్యాహ్నం మంట దగ్గర మామగారు సాసేజ్ కాల్చుకుంటూ, నావైపు చూడకుండానే, "బండ మీద ఇక అమ్మాయి కూర్చుంటుంది. నువ్వు కుక్క వెంట నడువు. దానికి దగ్గరివి కనిపిస్తాయి," అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

వేసవంతా నాకు బోధించిన ఆ పెద్దమనుషుల్లో ఒక్కడైనా, "ఇంతకీ నువ్వు కొట్టేదేమిటయ్యా, ఎంత దూరాన?" అని అడిగాడా?

పోనివ్వండి. వరాన్ని ఒక్కణ్ణే అనుభవించడం స్వార్థం. అందుకే పాఠకులారా, నా స్కోప్ అమ్మకానికి పెట్టాను. కొత్తది, కడిగిన ముత్యంలా ఉంది, ఇంతవరకూ ఏ ప్రాణికీ హాని చెయ్యలేదు. దూరపు ఊళ్ళవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. మా లోయవాళ్ళు మాత్రం కొనరు. ఆ రోజు రేడియో అందరూ విన్నారు.