ఎర్ర చుక్క ఎర్రగానే ఉండాలి

ఒక జనానికి సువార్త అందలేదని లోకానికి చాటడం మహత్తర కార్యం. దాని ముందు, వెళ్ళి అందించడం చిల్లర పని. ఆ మహత్తర కార్యం కోసం మేము చేయవలసినవి: బ్యానర్ అచ్చు వేయించాలి, మేడ మీద పందిరి వేయించాలి, జనం ఏడ్చేటప్పుడు వాయించడానికి కీబోర్డు మాట్లాడాలి, కరపత్రాలు పంచాలి, బిర్యానీకి చెప్పాలి, అందని జనానికి అది పొరపాటున కూడా అందకుండా చూసుకోవాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. అందుకని చివరి పని నాకు అప్పగించారు.

మా 'సువార్త అందని ప్రజల అవగాహన కేంద్రం' ఒర్లియంపేటలో ఒక పాత ఇంటి మేడ మీద ఉంది. గోడకు పెద్ద పటం. అందని జనానికి ఎర్ర చుక్క; మనవాళ్ళు ఒక్కసారి వెళ్ళి పలకరిస్తే పసుపు. ఈ ఏడు మహాసభకు ఎంపికైన ఎర్ర చుక్క, ఒర్లియంపేట తెలుగువాళ్ళు. బ్యానర్ మీద వాళ్ళ ప్రతినిధి, మా కింది వాటాలో ఒంటరిగా ఉండే అమ్మాయమ్మ. (ఫొటో మేడ మీది నుంచే తీశాం. దగ్గరికి వెళితే పలకరింపు అయిపోతుంది.)

కరపత్రాలు చక్కని గ్రాంథిక తెలుగులో వేయించాం. ఇక్కడ బడి చదువు తమిళంలోనే; మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, చదవగలిగేది తమిళం. కనుక వాటిని నిర్భయంగా పంచవచ్చని ఆమోదం లభించింది.

మహాసభకు రెండు రోజుల ముందు అమ్మాయమ్మ సగం మెట్లెక్కి, ఆయాసంతో అక్కడే కూలబడింది.

"ఏందమ్మా నివేదితా, నా బొమ్మను కట్టి ఏడస్తా ఉండారంట మీవోళ్ళు? నేనింకా సావలేదే!"

"నీ కోసమే అవ్వా, ప్రార్థన," అన్నాను, పై మెట్టు దిగకుండానే.

"అయితే ఒకరు దిగి రాండి. సోమారం పెద్దాస్పత్రిలో కడుపులో గడ్డ కోస్తారంట. బయంగా ఉండాది. కూడా ఎవురన్నా వచ్చి, మీ సామి ఎవురో చెప్పండి. తెలీనోణ్ణి ఎట్టా పిలిచేది?"

నేను లోపలికి వెళ్ళి మా డైరెక్టరు చెంగల్రాయన్ సారుకు విన్నవించాను. ఆయన కళ్ళు మూసుకుని, ఆమె జనం కోసం కాసేపు భారంతో మూలిగి, కళ్ళు తెరిచారు.

"నువ్వు దిగితే చుక్క పసుపైపోతాది. శనివారం సభ పెట్టుకోని, పసుపు చుక్కకి ఎవురమ్మా ఏడిచేది?"

"సభ అయినాక వెళ్ళనా సార్?"

"ఆ వీడియో మిగతా ఊళ్ళలో చూపించొద్దా? అయినా మిషనెరీ అంటే నది దాటాల, సముద్రం దాటాల. మెట్లు దిగితే మిషనెరీనా?"

నేను రోజూ అరియాంకుప్పం నుంచి బస్సులో నది దాటే వస్తున్నానని మనవి చేశాను. జీతం కోసం దాటిన నది చెల్లదన్నారు.

ఆమె భాష మాట్లాడగలనని కూడా చెప్పాను. ముందే వచ్చిన భాషలో త్యాగం ఉండదన్నారు. ఆమె కోసం విదేశం నుంచి ఒక సహోదరుడు తెలుగు నేర్చుకుంటున్నాడట. ప్రస్తుతం 'అ' మీద ఉన్నాడు.

మహాసభ దిగ్విజయంగా జరిగింది. ఊహించిన చోటల్లా ఏడుపు వచ్చింది. యువకులు లేచి, ఈ జనం కోసం ఎంత దూరమైనా వెళతామని ప్రమాణం చేశారు. వాళ్ళ చెప్పులన్నీ అమ్మాయమ్మ గుమ్మం ముందే ఉన్నాయి. అవి తొక్కకుండా ఆమె గోడ పట్టుకుని దాటుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళి వచ్చింది.

సోమవారం ఆటోలో ఒక్కతే ఎక్కింది. "మీ సామి ఎవురో ఇప్పుడన్నా చెప్పండే!" అని పైకి చూసి అరిచింది. మేము చేతులెత్తి దీవించాం.

ఆపరేషన్ అయిందట. ఇంకా వార్డులోనే ఉంది. ఆమె పేరు అమ్మాయమ్మ, దయచేసి గుర్తుంచుకోండి. చూడవచ్చేవాళ్ళను సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా లోపలికి వదులుతారు. ఆ వేళకు మేము ఆమె కోసం ప్రార్థనలో ఉంటాం, రాలేం.